సన్న గాలానికి గట్టి పట్టు

చండ్రుగొండ వైపు చెరువుల్లో, వాగుల్లో గాలం వేసేవాళ్లకు ఎర అంటే వానపాము, లేదంటే పిండిముద్ద, కొరమీను కోసమైతే చిన్న కప్ప. ఇవేవీ లేకుండా ఒట్టి ఈకతో, దారంతో చేపను మోసం చేసే విద్య ఒకటుంది. గాలం కాడ మీద దారం చుట్టి, అందులో కోడి మెడ ఈకను బిగించి, నీటిమీద వాలిన పురుగులా కనిపించేటట్టు చేస్తారు. దీని పేరు ‘ఫ్లై’. ట్రౌట్ చేపను నీలగిరులకూ కశ్మీరుకూ తెచ్చుకున్న ఇంగ్లీషు దొరలు ఈ విద్యనూ వెంట తెచ్చారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లోనే ‘ద రాడ్ ఇన్ ఇండియా’ అని గాలం వేట మీద ఒక పుస్తకం వెలువరించాడు. అయినా మన వైపు ఇది పాకలేదు. సరంజామా దొరక్క మాత్రం కాదు. అడవికోడి మెడ మీద మైనం చుక్కల్లా మెరిసే ఈకల కోసం విదేశాల్లో ఈ పనివాళ్లు ఒకప్పుడు ఎగబడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి ఆ కోడి జోలికి పోకూడదు, పోనక్కర్లేదు కూడా. పెరట్లో తిరిగే నాటుపుంజు ఈక సరిపోతుంది. మిగతావి కుట్టుదారం, గాలం, ఆ గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న వైస్. చిక్కంతా ఈ చివరిదానితోనే.

గాలాల నంబర్లు తిరగేసి ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నది. 8, 10 నంబర్ల గాలాన్ని ఎంత నాసిరకం వైసైనా పట్టుకుంటుంది. 20, 22 దగ్గరికి వచ్చేసరికి తీగ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. దారం నాలుగు చుట్లు వేసి లాగగానే గాలం కన్ను కిందికి వాలిపోతుంది. సరిచేసి మళ్లీ చుడితే మళ్లీ వాలుతుంది. అప్పుడు ఎవరికైనా చెయ్యి తనంతట తానే వైస్ దవడలను బిగించే మీట మీదికి పోతుంది, ఇంకాస్త గట్టిగా నొక్కుదామని. అది చాలాసార్లు రోగాన్ని పెంచే మందు. సన్న గాలం వాలిపోవడానికి కారణం వైస్ చాలినంత నొక్కకపోవడం కన్నా, చాలినంత మేర ఆనకపోవడమే ఎక్కువ. బిగువు పెంచే ముందు ఆనుడు చూసుకోవాలి.

ఫిజిక్స్ గుర్తున్నవారు ఇక్కడ అడ్డు తగులుతారు. రాపిడి బలం తాకిన విస్తీర్ణం మీద ఆధారపడదని కదా పాఠం, ఎంత ఒత్తిడి పెడితే అంత పట్టు, మరి ఆనిన మేరతో పనేమిటి అని. పాఠం నిజమే, కానీ అది సూటిగా జారే వస్తువుకు చెప్పింది. గాలం దవడల మధ్య సూటిగా జారడం లేదు, గిర్రున తిరుగుతోంది. కన్ను దగ్గర దారం లాగుతుంటే, వంపు దగ్గర పట్టిన చోటు ఇరుసవుతుంది. తిరుగుడును ఆపాలంటే రాపిడి ఆ ఇరుసుకు కొంత దూరంలో పనిచేయాలి. దవడలు ఒకే బిందువు దగ్గర ఆనితే ఆ దూరం దాదాపు సున్నా, అందుకని ఎంత నొక్కినా గాలం తిరుగుతూనే ఉంటుంది. ఉజ్జాయింపు లెక్క వేసి చూడవచ్చు. పట్టిన చోటు నుంచి కన్ను దాకా 6 మిల్లీమీటర్లు, దారం లాగుడు 100 గ్రాములు అనుకుందాం. ఉక్కుకూ ఉక్కుకూ మధ్య రాపిడి గుణకాన్ని 0.15గా తీసుకుందాం. తీగ దవడలకు 2 మిల్లీమీటర్ల పొడవునా ఆనితే గాలాన్ని నిలపడానికి సుమారు 4 కిలోల నొక్కుడు చాలు. 1 మిల్లీమీటరే ఆనితే 8 కిలోలు కావాలి, అరమిల్లీమీటరైతే 16. ఆనుడు సగమైన ప్రతిసారీ నొక్కుడు రెట్టింపవుతుంది. పెద్ద గాలానికి ఆనే చోటు ఎలాగూ ఎక్కువే, దాని కాడ పొడుగైనా దవడల్లో లోతుగా కూర్చుంటుంది. చిన్నదానికి ఆ వెసులుబాటు లేదు.

ఇక ఈ ఆనుడు ఎక్కడెక్కడ పోతుందో చూడాలి. మొదటి దొంగ గాలం మీదే ఉంది, మొన వెనకాల ఉండే ఎదురుముల్లు. తీగ కన్నా అది లేచి ఉంటుంది కాబట్టి దవడలు ముందు దానికే తగిలి ఆగిపోతాయి, అటూ ఇటూ తీగకు ఖాళీ మిగులుతుంది. చిన్న గాలాన్ని వైస్‌లో పెట్టే ముందే శ్రావణంతో ఆ ముల్లును నొక్కి అణచేస్తే ఈ బెడద తీరుతుంది. రెండోది పెట్టే చోటు. వంపు అడుగున, మొన వైపు తీగ కాడకు సమాంతరంగా తిరిగే భాగం దవడల్లో పడుకోవాలి, మొన మాత్రం బయటికి ఉండాలి. మొనను లోపల పెట్టి నలిపితే చిట్లుతుంది. బయట పెడితే దారం కోసుకుపోతుందని కొందరి ఫిర్యాదు. అదీ నిజమే, కానీ తెగిన దారాన్ని మళ్లీ చుట్టుకోవచ్చు, చిట్లిన మొనతో చేప పడదు. మూడోది దవడల మధ్య సందు. ఎక్కువ వైస్‌లలో మీట తిప్పితే లోపలి కడ్డీ వెనక్కి లాగుకుని, రెండు దవడలూ ఏటవాలు గొట్టంలోకి జరిగి దగ్గరవుతాయి. పెద్ద గాలానికి సర్దిన సందులోనే చిన్నదాన్ని పెడితే, మీట తన చివరిదాకా తిరిగినా దవడలు సరిగా మూసుకోవు, మూసుకున్నా వంకరగా. సందును ముందు మరతో తగ్గించుకుని, తీగ ఇరుకుగా దూరేటంత ఉంచి, ఆ తర్వాత మీట తిప్పాలి. సగం తిప్పుకే బిగుసుకుంటే సర్దుబాటు కుదిరినట్టు. మీటను చివరిదాకా తొయ్యాల్సి వస్తోందంటే మళ్లీ మర దగ్గరికి వెళ్లాలి. కొత్త గాలాలకు పూసి వచ్చే నూనెను గుడ్డతో తుడిచేస్తే అదనపు లాభం.

అన్నిటికన్నా పెద్ద నష్టం దవడల మీద మెల్లగా జరుగుతుంది. గాలం తీగ పదును పెట్టిన గట్టి ఉక్కు. చవక వైస్ దవడలు చాలాసార్లు దానికన్నా మెత్తన. మీటను బలంగా నొక్కిన ప్రతిసారీ పెద్ద గాలం వాటి మీద ఒక గాడి దింపుతుంది. పెద్దవాటికి ఆ గాడి మేలే చేస్తుంది. చిన్న గాలం మాత్రం అందులో పడి, అంచుల దగ్గర తప్ప ఎక్కడా ఆనకుండా వేలాడుతుంది. అది జారుతోందని ఇంకా నొక్కుతాం, గాడి ఇంకా లోతవుతుంది. ఇలాంటి దవడను ఎలా పరీక్షించాలో కొత్తగూడెంలో సింగరేణి వర్క్‌షాపు ఫిట్టర్‌కు గానీ, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివే కుర్రాడికి గానీ వేరే చెప్పక్కర్లేదు. మూసిన దవడలను వెలుతురుకు అడ్డం పెట్టి చూడాలి, ఎక్కడ సన్నని గీత వెలుగుతుందో అక్కడ ఆనడం లేదు. ఇంకా కచ్చితంగా కావాలంటే ఒక దవడకు పల్చగా నీలిరంగు పూసి, రెండోదానికి మూసి తెరవాలి. రంగు అంటిన చోట్లే అసలు ఆనుతున్న చోట్లు. గాడి పైపైనే ఉంటే దవడలను విప్పి, చదునైన సానరాయి మీద నూనె వేసి మెల్లగా రుద్దితే పోతుంది. ఎమరీ కాగితాన్ని దవడల మధ్య పెట్టి లాగడం తేలికే గానీ, అది అంచులను గుండ్రం చేస్తుంది. చిన్న గాలాన్ని పట్టేవి ఆ అంచులే.

దవడలకు పళ్లు కోస్తే పోదా అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది, బెంచ్ వైస్‌కు ఉన్నాయి కదా. బెంచ్ వైస్ పట్టే ఇనుప దిమ్మ ఒకేసారి ఎన్నో పళ్ల మీద ఆనుతుంది. అరమిల్లీమీటరు తీగ రెండు పళ్ల మధ్య సందులో పడిపోతుంది, మహా అయితే ఒకటి రెండు కొసలకు తగులుతుంది. అంటే పళ్లు ఆనుడును తగ్గిస్తాయి. ఖరీదైన వైస్ కొంటే తీరిపోతుందనే వాదనలో కొంత నిజముంది. అమెరికాలో హెచ్ఎంహెచ్ అనే కంపెనీ చిన్న గాలాల కోసం సన్నటి దవడలను విడిగా అమ్ముతుంది. రీగల్ అనే రకం వైస్‌లో స్ప్రింగే దవడలను మూస్తుంది, గాలం మందం మారినా మర సర్దక్కర్లేదు. డబ్బు పెట్టి కొనేది దవడ గట్టిదనం, దాని చదును, రెండు దవడలూ కచ్చితంగా కలిసే తీరు. ఎదురుముల్లు అణచకుండా పెడితే వాటిలోనూ గాలం తిరుగుతుంది. ఇక చివరి అభ్యంతరం వైస్ అసలెందుకని. అమెరికన్ వేటగాడు లీ వుల్ఫ్ 28వ నంబరు గాలం మీద కూడా వేళ్లతోనే పట్టుకుని ఫ్లై కట్టేవాడు. బొటనవేలు, చూపుడువేలు పెట్టే ఒత్తిడి ఉక్కు మీట ముందు లెక్కలోకి రాదు. అయినా గాలం నిలుస్తుంది, ఎందుకంటే వేలి చర్మం మెత్తగా తీగ చుట్టూ సర్దుకుని, ఒక్క చుక్క ఖాళీ లేకుండా పొడవునా ఆనుతుంది. లెక్క చెప్పిందీ అదే.

ఈ వేలి సూత్రాన్ని గాడిపడ్డ చవక వైస్‌కూ అరువు తెచ్చుకోవచ్చు. సున్నితమైన వస్తువు నలగకుండా ఫిట్టర్లు బెంచ్ వైస్ దవడలకు రాగి, అల్యూమినియం రేకులు తొడుగుతారు. ఇక్కడ అవసరం వేరైనా ఉపాయం అదే. కూల్‌డ్రింక్ డబ్బా గోడ మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు. దాన్నుంచి సన్నటి ముక్క కత్తిరించి, దవడ కొసను కప్పేలా మడిచి పెడితే తీగ ఆ మెత్తటి రేకులోకి కొంచెం దిగి, గాడి ఉన్నా పొడవునా ఆనుతుంది. రేకు తొందరగా నలిగిపోతుంది, నలిగినప్పుడు ఇంకోటి కత్తిరించుకోవాలి. కొస మందమై వేళ్లకు చోటు తగ్గుతుంది కూడా, 24వ నంబరు గాలం దగ్గర ఆ ఇబ్బంది బాగా తెలుస్తుంది. ఏ పద్ధతి పట్టినా దారం చుట్టే ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. గాలం కన్ను మీద గోటితో కిందికి నొక్కి వదలాలి. తీగ వంగి తన చోటికి తిరిగి వస్తే పట్టు కుదిరింది. వాలి అక్కడే ఉండిపోతే మీటను వదిలేసి, దవడలు తెరిచి, తీగ ఎక్కడ ఆనిందో చూడాలి.