పురద్వారము నొద్ద పెండ్లి

ఈ వారము మన అంశము వివాహ రిజిస్ట్రేషను. ఆఫీసు సంగతి ప్రసంగములో ఎందుకని కొందరు అనుకొనవచ్చును. కాని సంఘములోని యౌవనస్థులు, వారి తల్లిదండ్రులు తరచుగా అడుగు ప్రశ్న ఇది: "అయ్యగారూ, మ్యారేజ్ లైసెన్సు కావాలంటే ఏ ఆఫీసుకు పోవాలి?"

మన హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ తెలుగు సినిమాకు ఇల్లు. ఆ సినిమాలలో రిజిస్టరు పెండ్లి మనమందరము చూచినదే. పారిపోయి వచ్చిన జంట, నలుగురు స్నేహితులు, రెండు పూలదండలు, బల్ల మీద ఒక పెద్ద పుస్తకము. విలన్ మనుషుల జీపు గేటు దగ్గరకు వచ్చులోగా రెండు సంతకములు పడును, పెండ్లి అయిపోవును. కథకు అది చాలును. అయితే ఫిల్మ్ నగర్ బస్తీలోని లైట్‌మ్యాన్ కుమార్తె గాని, కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఉండు జూనియర్ ఆర్టిస్టు గాని, జూబ్లీహిల్స్ బంగళాలోని యజమాని కుమారుడు గాని నిజముగా పెండ్లాడునప్పుడు చట్టము సినిమా అంత తొందరపడదు.

మొదట ఈ లైసెన్సు అను మాటను చూతము. అమెరికాలో పెండ్లికి ముందు జంట ప్రభుత్వ కార్యాలయమునకు పోయి లైసెన్సు తీసుకొనవలెను. డల్లాస్‌లో ఉన్న మన పిల్లల నోట ఆ మాట విని మనమును అలాగే అనుచున్నాము. మన దేశములో వధూవరులకు లైసెన్సు ఇచ్చు పద్ధతి లేదు. 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టములో లైసెన్సు అనునది పెండ్లి జరిపించువారికి సంబంధించినది. బిషప్పు అభిషేకము పొందిన గురువులు తమ సంఘ క్రమము చొప్పున వివాహము జరిపించవచ్చును. ఇతర సంఘముల సేవకులకు సాధారణముగా రాష్ట్ర ప్రభుత్వము ఇచ్చిన లైసెన్సు ఉండవలెను. ప్రభుత్వము నియమించిన మ్యారేజ్ రిజిస్ట్రారు ఎదుట కూడ పెండ్లి చేసికొనవచ్చును. అధికారము లేకుండ ఈ చట్టము క్రింద వివాహము జరిపించిన వానికి 10 సంవత్సరముల వరకు జైలుశిక్ష ఉన్నది.

కనుక తల్లిదండ్రులారా, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇవ్వకముందే మీ పాస్టరుగారిని మర్యాదగా అడగండి: "అయ్యగారూ, మీకు వివాహ లైసెన్సు ఉన్నదా?" ఈ ప్రశ్న అవమానము కాదు. ఆయనకు లేనియెడల లైసెన్సుగల సేవకుని పిలిపించి వివాహము జరిపించండి. మీ పాస్టరుగారు వాక్యము చెప్పి దీవించవచ్చును.

సంఘములో పెండ్లి జరుగుటకు ముందు వధూవరులలో ఒకరు గురువుగారికి వ్రాతపూర్వకముగా నోటీసు ఇవ్వవలెను. ఇద్దరి పేర్లు, వృత్తి, నివాసము, అక్కడ ఎంతకాలముగా ఉన్నారు, పెండ్లి ఎక్కడ జరుగును అను వివరములు అందులో ఉండవలెను. వరునికి 21, వధువుకు 18 సంవత్సరములు నిండవలెను. సాధారణముగా ఉదయము 6 గంటలకు, సాయంకాలము 7 గంటలకు మధ్యనే వివాహము జరుగవలెను. గురువుగారు కాక ఇద్దరు సాక్షులు ఉండి రిజిస్టరులో సంతకము చేయవలెను.

అంతటితో పని ముగియలేదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వివాహముల నమోదును తప్పనిసరి చేయుచు చట్టము చేసినది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దేశములోని అన్ని మతముల వారి వివాహములు నమోదు కావలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఆ తీర్పులో ఒక మాట మనము గమనించవలెను. నమోదు మాత్రమే వివాహము చెల్లునని తేల్చివేయు ఋజువు కాదు. అయినను భార్య హక్కులు, పిల్లల హక్కులు, వయస్సు తేల్చవలసి వచ్చినప్పుడు దానికి సాక్ష్యముగా గొప్ప విలువ ఉన్నది.

ఇద్దరిలో ఒకరే క్రైస్తవులైనప్పుడు ఏమి చేయవలెను? 1872 చట్టము అట్టి జంటకును వర్తించును. సంఘము ఆ పెండ్లి జరిపించునా లేదా అనునది ఆ సంఘ క్రమమును బట్టి ఉండును. రెండవ మార్గము 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము. దీనికి మ్యారేజ్ ఆఫీసరుకు నోటీసు ఇవ్వవలెను. ఇద్దరిలో ఒకరైనను ఆ జిల్లాలో అంతకుముందు 30 దినములు నివసించి ఉండవలెను. ఆ నోటీసును కార్యాలయములో అందరికి కనబడుచోట అంటించుదురు. అభ్యంతరములకు 30 దినముల గడువు ఉండును. ఆ తరువాత ముగ్గురు సాక్షులతో వెళ్లి వివాహము చేసికొనవలెను. నోటీసు ఇచ్చిన 3 నెలలలోగా పెండ్లి జరుగనియెడల మరల నోటీసు ఇవ్వవలెను. మన సంఘములలో ఆదివారపు ఆరాధనలో వివాహ ప్రకటన చదువుదురు గదా! ఆ గోడమీది నోటీసు ఉద్దేశము కూడ అదియే.

ఇక్కడనే శోధన వచ్చును. "నెల దినములు ఎందుకు? ఇద్దరూ హిందువులమని వ్రాసి ఇవ్వండి, పని త్వరగా అయిపోవును" అని దళారి చెప్పును. 1955 హిందూ వివాహ చట్టములో ఆ 30 దినముల నోటీసు లేదు. అయితే ఆ చట్టము క్రైస్తవులకు వర్తించదు.

దీని ఫలితము మన తెలుగునాటనే కనబడినది. 1996లో ఒక క్రైస్తవ యువకుడు, ఒక హిందూ యువతి గుడిలో తాళి కట్టించుకొని, హిందూ వివాహ చట్టము క్రింద రిజిస్టరు చేయించుకొనిరి. తరువాత ఆ భార్య విశాఖపట్నము కుటుంబ న్యాయస్థానమునకు వెళ్లినది. అక్కడ ఆమె పిటిషను కొట్టివేయబడినది. హైకోర్టు ఆమె పక్షముగా తీర్పు ఇచ్చినది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచి, ఇద్దరు హిందువుల మధ్య జరుగు పెండ్లికి మాత్రమే ఆ చట్టము వర్తించునని, కాబట్టి ఆ వివాహము చెల్లదని చెప్పినది. సర్టిఫికెట్టు ఉన్నది, ముద్ర ఉన్నది. పెండ్లి మాత్రము నిలువలేదు. సత్యము కానిదాని మీద వేసిన ముద్ర దానిని సత్యము చేయలేదు.

దేవుని బిడ్డలారా, బోయజును జ్ఞాపకము చేసికొనండి. రూతును పెండ్లాడవలెనని కోరినవాడు రాత్రి రహస్యముగా ఆ పని ముగించుకొనలేదు. తెల్లవారగానే ఊరి ద్వారమునకు వెళ్లి కూర్చుండెను. పదిమంది పెద్దలను పిలిపించెను. తనకంటె దగ్గర బంధువు ఒకడు ఉన్నాడన్న సంగతిని దాచక అందరి ఎదుట చెప్పెను. ఆ కాలపు ఆచారము చొప్పున చెప్పు విడిచి ఇచ్చుట కూడ సాక్షుల ఎదుటనే జరిగెను. రూతు పరదేశురాలు, విధవరాలు. ఆమె హక్కును గూర్చి రేపు ఎవరైనను ప్రశ్నించినచో ఆ పదిమంది సాక్ష్యమిత్తురు. ఆ కాలమున పురద్వారము చేసిన పనినే నేడు ఈ కార్యాలయము చేయుచున్నది.

సాక్ష్యము బలహీనుల కొరకు. భర్త షూటింగు పనిలో గాని గల్ఫ్ దేశములో గాని చనిపోయినయెడల, నష్టపరిహారమునకై వచ్చిన స్త్రీని అధికారి అడుగు మొదటి ప్రశ్న, "నీవు ఆయన భార్యవని ఋజువేమి?" పెండ్లి ఫోటో చూపినంత మాత్రమున అన్ని చోట్ల పని జరుగదు. ఆ దినమున ఆమె చేతిలో నిజమైన కాగితము ఉంచవలసిన బాధ్యత నేడు పెండ్లికుమారునిది, అతని తల్లిదండ్రులది, సంఘ పెద్దలది.

కాబట్టి మూడు పనులు చేయండి. వయస్సు, చిరునామా ఋజువులలో పేర్లు ఒకే విధముగా ఉన్నవో లేదో ముందే చూచుకొనండి. సాక్షులుగా మిమ్మును బాగుగా ఎరిగినవారిని, గుర్తింపు కార్డుతో తీసికొని వెళ్లండి. ఆఫీసు గేటు దగ్గర దొరికినవారిని కాదు. ఫారములో మతము, వయస్సు, మునుపటి పెండ్లి అను గడులలో ఉన్నది ఉన్నట్టు వ్రాయండి. ఫారము ఇంగ్లీషులో ఉన్నచో చదివించుకొని, అర్థమైన తరువాతనే సంతకము పెట్టండి. ఇప్పటివరకు నమోదు చేయించుకొనని దంపతులారా, పెండ్లి జరిగి ఎన్ని ఏండ్లయినను సిగ్గుపడక వెళ్లి అడగండి.

బలిపీఠము ఎదుట నిజము పలికిన నోరు, కార్యాలయపు బల్ల ఎదుట కూడ నిజమే పలుకునట్లు దేవుడు మన కుటుంబములకు సహాయము చేయును గాక. ఆమేన్.