తీరని ఆకలి

బాలలూ, అమ్మ వడ్డిస్తూ ఉంటే మీరు కొంతసేపటికి "ఇక చాలమ్మా!" అంటారు గదా. ఆ మాట మీ చేత అనిపించినదెవరు? కడుపు అనుకుంటారు. నిజానికి ఆ పని మెదడుది. కడుపూ, పేగులూ, ఒంట్లోని కొవ్వూ ఎప్పటికప్పుడు మెదడుకు కబుర్లు పంపుతూ ఉంటాయి. కబురు అందగానే మెదడు ఆకలిని అణుస్తుంది.

మరి ఆ కబురు రాకపోతే? అమెరికాలో జాక్సన్ ప్రయోగశాలవారు పెంచే చిట్టెలుకలలో 1949లో ఒక వింత రకం కనిపించింది. ఎంత తిన్నా వాటికి ఆకలి తీరదు. తోటివాటికి మూడింతల బరువు పెరిగేవి. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు సహచరులతో కలిసి దీని కారణం కనిపెట్టాడు. కొవ్వునుంచి మెదడుకు కబురు మోసే పదార్థం లెప్టిన్. దాన్ని తయారుచేయించే జన్యువు ఆ చిట్టెలుకలలో చెడిపోయింది.

మూడేళ్ళ తరవాత ఇంగ్లండులో కేంబ్రిడ్జి వైద్యులు ఇదే లోపాన్ని ఇద్దరు పిల్లలలో కనుగొన్నారు. అందులో ఎనిమిదేళ్ళ పాప బరువు 86 కిలోలు! తరవాత ఆ పాపకు రోజూ లెప్టిన్ సూదిమందు ఇచ్చారు. ఆకలి అణిగింది. ఏడాదిలో సుమారు 16 కిలోలు తగ్గింది.

అందరికీ ఇంత సులువుగా నయం కాదు. 1956లో స్విట్జర్లాండులోని జూరిక్ వైద్యులు ప్రాడర్-విల్లీ అనే జబ్బును వర్ణించారు. ఇందులో తండ్రి వైపునుంచి రావలసిన 15వ క్రోమోజోములోని కొన్ని జన్యువులు పనిచేయవు. ఆ బిడ్డలు పసితనంలో పాలు తాగటానికైనా శక్తి చాలక నీరసంగా ఉంటారు. కొన్నేళ్ళకు తీరని ఆకలి పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ళు వంటింటికి తాళం వేయవలసి వస్తుంది.

బరువు ప్రాణం మీదికి వచ్చినప్పుడు వైద్యులు శస్త్రచికిత్స సంగతి ఆలోచిస్తారు. సంచిలాటి జీర్ణకోశంలో నాలుగింట మూడు వంతులు కోసి తీసేసి, అరటిపండు ఆకారంలో సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. దీనివల్ల రెండు లాభాలు. కొంచెం తింటేనే కడుపు నిండుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే పదార్థం ఎక్కువగా తయారయేది జీర్ణకోశంలోనే గనక, అదీ తగ్గుతుంది.

అయితే కత్తి జీర్ణకోశాన్ని చిన్నది చేయగలదు గాని, జన్యువును బాగుచేయలేదు. మెదడులో ఆకలి మిగిలి ఉంటే తగ్గిన బరువు మళ్ళీ పెరగవచ్చు. చిన్నదైన కడుపులో అతిగా కూరితే ప్రమాదం కూడానూ. అందుకే ప్రాడర్-విల్లీ పిల్లలకు ఈ శస్త్రచికిత్స చేయవచ్చునా, కూడదా అనే విషయంలో వైద్యులకు ఏకాభిప్రాయం లేదు. చేసినా, తిండి మీద జీవితాంతం కాపలా తప్పదు.

తల్లిదండ్రులకు ఒక మాట. లావుగా ఉన్న పిల్లలందరికీ ఈ జబ్బులు ఉండవు. ఇవి చాలా అరుదు. కాని పసితనంనుంచే బిడ్డ విపరీతంగా బరువెక్కుతూ, ఎప్పుడూ తిండికోసం ఏడుస్తూ ఉంటే తిట్టకండి. డాక్టరుకు చూపించి జన్యుపరీక్ష సంగతి అడగండి. సూదిమందా, కత్తా అన్నది కారణం తెలిస్తేనే తేలుతుంది.

బాలలూ, మీ తరగతిలో లావుపాటి పిల్లవాణ్ణి "తిండిపోతు" అని పిలిచేముందు ఒక్క సంగతి తలుచుకోండి. "చాలు" అన్న మాట మీకు పుట్టుకతోనే వచ్చింది. మీరు కష్టపడి సంపాదించినది కాదు. ఆ మాట చెప్పేవారు వాడి లోపల లేరేమో!