ఓడిన రాత్రి అన్నం

1996 మార్చి 13. ప్రపంచకప్ సెమీఫైనల్‌లో మనవాళ్లు 120 పరుగులకే 8 వికెట్లు పోగొట్టుకోగా, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రేక్షకులు సీసాలు విసిరారు, మంటలు పెట్టారు. ఆట ఆగిపోయింది, గెలుపు శ్రీలంకకు దక్కింది. కూర్మన్నపాలెంలో టీవీ ముందు కూర్చున్న మేము అప్పటికి కుర్రవాళ్లం. ఆటగాళ్లను నోటికొచ్చినట్లు తిట్టి, అమ్మ పెట్టిన కంచం పక్కకు తోసి పడుకున్నాము.

2023 నవంబరు 19, ఆదివారం. వరుసగా 10 ఆటలు గెలిచిన మన జట్టు అహ్మదాబాదు ఫైనల్‌లో 240 పరుగులకే ఆలౌటయింది. ఆస్ట్రేలియా 6 వికెట్ల తేడాతో గెలిచింది. మళ్లీ తిట్టు నోటిదాకా వచ్చింది. పక్కన మా తొమ్మిదేళ్ల బాబు టీవీ చూడడం లేదు. కన్నీళ్లతో మా ముఖమే చూస్తున్నాడు.

“వాళ్లు చెడ్డగా ఆడారా, నాన్నా?”

“లేదురా. అవతలివాళ్లు ఇంకా బాగా ఆడారు.”

తల్లిదండ్రులారా, ఓడినవారిని గూర్చి మనమాడే మాటలు పిల్లలు దాచుకుంటారు. రేపు పరీక్ష తప్పిననాడు ఇంటికి రావాలో వద్దో వాటినిబట్టే తేల్చుకుంటారు.

ఆ రాత్రి ఆలస్యమైనా అందరం కలిసే అన్నం తిన్నాము.