జీవశాస్త్ర పరిశోధన సదస్సులు – అంతర్విభాగ సహకారం

భిన్న శాస్త్రాల ఆచార్యులు ఒకే వేదికపై ప్రసంగించినంత మాత్రాన అంతర్విభాగ సహకారం ఏర్పడదు. ఒకరి ప్రశ్న మరొకరి ప్రయోగశాలలో పరిశోధనగా మారాలి. మద్రాసు విశ్వవిద్యాలయ అనుభవం ఇందుకు నిదర్శనం. 1952లో అక్కడ భౌతికశాస్త్ర విభాగాధిపతిగా చేరిన జి.ఎన్. రామచంద్రన్‌కు, చర్మానికీ ఎముకకూ దార్ఢ్యమిచ్చే కొల్లాజెన్ ప్రోటీన్ నిర్మాణం ఇంకా తేలలేదని అతిథిగా వచ్చిన జె.డి. బెర్నాల్ సూచించారు. సమీపంలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ నుండి కంగారూ తోక స్నాయుబంధనం లభించింది. ఎక్స్-కిరణ వివర్తనం ఆధారంగా రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో మూడు గొలుసుల నమూనాను ‘నేచర్’ పత్రికలో ప్రతిపాదించారు.

ఇక్కడ ప్రశ్న అతిథిది, పదార్థం తోళ్ల సంస్థది, పద్ధతి భౌతికశాస్త్రానిది. కనుక సదస్సు సాఫల్యానికి కొలమానం సమర్పిత పత్రాల సంఖ్య కాదు. సదస్సు ముగిశాక మొదలైన ఉమ్మడి పరిశోధనే.