వేసవి సెలవులు – అష్టా చెమ్మా

వేసవి సెలవులు వచ్చినంతనే పిల్లలకు ప్రొద్దు గడచుట యెట్లని తల్లిదండ్రులు చింతింతురు. హూడిలోని తెలుగు కుటుంబములకు వేరొక చింతయు గలదు. మన పిల్లల చెవులకు వీధిలో కన్నడము, బడిలో ఆంగ్లము సోకును. తెలుగు మాత్రము ఇంటనే అబ్బవలెను. ఈ రెండు చింతలను దీర్చు ఆట అష్టా చెమ్మా.

నేలపై వరుసకు 5 చొప్పున 25 గడులు గీయవలెను. 4 గవ్వలు చాలును. అవి లేనిచో ఒక ప్రక్క అరగదీసిన చింతగింజలైనను సరియే. గవ్వలన్నియు ఒకే తీరుగ పడినచో, పడిన వైపును బట్టి 8 గాని 4 గాని లెక్కింతురు. ఆ పందెములే అష్టా, చెమ్మా. నడిగడి చేరిన కాయ పండినదందురు.

కన్నడిగులు ఈ యాటనే చౌకాబారా యందురు. వారి చౌకా మన చెమ్మా. వారి బారా మన అష్టా. కావున పొరుగు పిల్లలను గూడ పిలువుడు. ఇరువురికిని రెండు భాషలు అబ్బును.

అవ్వాతాతలు ఆటకు కూర్చున్నచో పందెము పందెమునకు ఒక సామెతయో, పొడుపుకథయో వెలువడును. పాఠముగ చెప్పిన మాటను పిల్లలు మరువవచ్చును. ఆటలో విన్న మాటను మరువరు. తల్లిదండ్రులారా! ఈ వేసవిలో దినమున కొక గంట పిల్లల ప్రక్కన నేలపై కూర్చుండుడు.