బిల్డు ఫైళ్ళకు వేరే గది

మన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగువారి ఇళ్ళలో నేడు రెండు రకముల ఆస్తి ఒకే పెట్టెలో కాపురము చేస్తున్నది. ఆ పెట్టె కంప్యూటరు.

మొదటి ఆస్తి పెద్దల నాటి కాగితములు. 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రములోనికి వచ్చినది. అంతకు పూర్వము తెలుగులో వ్రాసుకొన్న క్రయపత్రములు, భాగపరిష్కార పత్రములు, జాబులు, శుభలేఖలు ఇంకను కొన్ని కుటుంబములలో ఉన్నవి. పిల్లలు బడిలో తమిళము చదువుకొన్నవారు. ఆ కాగితములను తడుముకొనకుండా చదవగలవారు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలినారు. చెదలకు జడిసి చాలామంది వాటిని స్కాన్ చేయించి కంప్యూటరులో దాచుకొంటున్నారు.

రెండవ ఆస్తి ఆ ఇంటి పిల్లల సాఫ్టువేరు పని. పగలు అంబత్తూరులోనో మద్రాసులోనో ఉద్యోగము చేసి, రాత్రి ఇంటికి వచ్చి సొంత కంప్యూటరు ముందు కూర్చుని తమ ప్రయత్నమేదో తాము చేసుకొనే యువకులు మన సంఘ కుటుంబములలోనే పలువురు ఉన్నారు. ఈ రెండు ఆస్తులకును మధ్య గోడ ఉండవలెనా అన్నదే ఇక్కడ మనవి చేయదలచిన విషయము.

గోడ లేకపోతే ఏమి జరుగునో తిరుత్తణిలో మాకు బంధువులైన ఒకరి ఇంట గత సంవత్సరము చూచినాము. కుమారుడు సెల్‌ఫోనులో నడిచే ఒక చిన్న సాధనమును తయారు చేస్తున్నాడు. తండ్రి పదవీ విరమణ చేసినవారు. ఆదివారమునాడు పాత కాగితములను ఒక్కొక్కటిగా స్కాన్ చేస్తూ ఉంటారు. కంప్యూటరులో ఉన్నది 512 జీబీల డిస్కు ఒక్కటే. ఒకనాటి రాత్రి తండ్రి ఒక దస్తావేజును స్కాన్ చేయబోతే చోటు లేదని కంప్యూటరు మొరాయించినది. ఆయన పెద్ద పెద్ద ఫోల్డర్లను వెదకి తీసివేయ మొదలుపెట్టినారు. వాటిలో ఒకటి ఆయన స్కాన్ చేసిన బొమ్మల ఫోల్డరే! పేరు ఇంగ్లీషులో ఏదో అంకెగా ఉన్నందున పోల్చుకొనలేదు.

“నైనా, ఆగు ఆగు! అది నీదే!” అని కుమారుడు చేయి పట్టుకొన్నాడు కాబట్టి సరిపోయినది.

మరునాడు పరిశీలించగా అసలు సంగతి బయటపడినది. బయట తగిలించిన బ్యాకప్ డిస్కు కూడ నిండిపోయి, మూడు నెలలుగా కొత్త నకళ్ళు తీయుట మానివేసినది. అనగా ఆ మూడు నెలలలో స్కాన్ చేసిన కాగితములకు రెండవ ప్రతి ఎక్కడను లేదు. రెండు డిస్కులను నింపినవి దస్తావేజులు కావు, పెండ్లి వీడియోలు కావు. కుమారుని బిల్డు ఫైళ్ళు.

బిల్డు ఫైళ్ళనగా ఏమిటి? పాతకాలపు గుమాస్తాలకు సులభముగా బోధపడే పోలిక ఒకటున్నది. సైక్లోస్టైలు యంత్రమునకు ముందు స్టెన్సిలు కోయవలెను. ఆ స్టెన్సిలే ప్రాణము. దానిపైన వందలాది ప్రతులు తీయవచ్చును; ప్రతులు తడిసిపోతే మరల తీయవచ్చును. ప్రోగ్రాము వ్రాసేవాడు వ్రాసే మూలపాఠము స్టెన్సిలు వంటిది. దానిని యంత్రమునకు అర్థమయ్యే రూపములోనికి మార్చునప్పుడు పుట్టుకొని వచ్చే వేలకొలది చిన్నా పెద్దా ఫైళ్ళే బిల్డు ఫైళ్ళు. మూలము కొద్దిపాటి చోటులో ఒదుగును. పుట్టినవి ఇల్లంతా ఆక్రమించును. గూగుల్ వారి ఆండ్రాయిడ్ వ్యవస్థను సాంతముగా తయారు చేయదలచినవారికి ఆ సంస్థ చెప్పిన లెక్క 400 జీబీలు. అందులో 150 జీబీలు కేవలము బిల్డు కొరకే. ఇంట్లో చేసే చిన్న పనికి అంత అవసరము లేదు గాని, నెలల తరబడి ఊడ్వకపోతే అదియు నూరు జీబీలు దాటగలదు. మా బంధువుల ఇంట దాటినది.

వీనిని ప్రతిసారి మొదటినుండి పుట్టించనక్కర లేకుండా, ఏ మూలము మారినదో తేదీలను బట్టి చూచి అంతవరకే మరల కట్టే ‘మేక్’ అనే సాధనమును 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారు చేసినాడు. అందుచేతనే పాత బిల్డు ఫైళ్ళను పనివారు పారవేయరు. పారవేస్తే మరునాడు గంటసేపు కాచుకొనవలెను. పోయినా నష్టము లేదు, ఉంటే సౌకర్యము. ఇట్టి సరుకును ఎక్కడ ఉంచవలెను?

మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా కార్యాలయములలో ఏర్పడి, తరువాత ఆంధ్రలోను తమిళనాడులోను కొనసాగిన ఒక ఏర్పాటు పాఠకులలో ఉద్యోగము చేసినవారికి తెలిసియే ఉండును. పని ముగిసిన ఫైలు మీద గుమాస్తా ఒక గుర్తు వేయును. ఆర్.డిస్. అంటే శాశ్వతముగా ఉంచవలసినది. డి.డిస్. పదేళ్ళు, కె.డిస్. మూడేళ్ళు, ఎల్.డిస్. ఒక్క ఏడు. రికార్డు గదిలో ఎన్నిటినో మోసి, దులిపి, కట్టలు కట్టిన అనుభవముతో చెబుతున్నాము: ఎల్.డిస్. కట్టలను ఆర్.డిస్. బీరువాలో పెట్టనిచ్చిన కార్యాలయములో కావలసిన కాగితము కావలసిన నాడు దొరకదు. గది చాలనప్పుడు తొందరలో ఏది తగులబడునో చెప్పలేము.

కంప్యూటరులో ఆ వేరు బీరువాయే వాల్యూము. సి డ్రైవు, డి డ్రైవు అని మనము అనేవి వాల్యూములే. ఒకే డిస్కును రెండుగా విభజించవచ్చును, లేదా రెండవ డిస్కును బిగించవచ్చును. బిల్డు ఫైళ్ళకు నూరు జీబీల వాల్యూము ఇస్తే అవి నూరు వరకే పెరుగును. నిండితే బిల్డు ఆగును. తాతగారి దస్తావేజుకు చోటు తగ్గదు. బ్యాకప్‌కు ఆ వాల్యూమును తాకవద్దని ఒక్క మాట చెబితే చాలును. ఊడ్వవలసి వస్తే లక్ష చిన్న ఫైళ్ళను ఒక్కొక్కటిగా తీయనక్కర లేదు. వాల్యూము మొత్తమును ఫార్మాట్ చేస్తే నిమిషములో తీరును. అయితే అందులో తుడవకూడనిది ఒక్కటియు ఉండరాదు సుమా!

మైక్రోసాఫ్ట్ వారు 2023లో విండోస్ 11లో ‘డెవ్ డ్రైవ్’ అని ఇందుకే ఒక ప్రత్యేక వాల్యూమును ప్రవేశపెట్టినారు. కనీసము 50 జీబీలు ఉండవలెనని నియమము. మూలపాఠమును కూడ అందులోనే ఉంచుకొనవచ్చునని వారి సలహా. పని వేగముగా సాగును. మాకు మాత్రము మూలపాఠము ఆర్.డిస్. కిందికే వచ్చునని తోచుచున్నది. అక్కడ ఉంచినను, దానికి మరొక చోట నకలు తప్పక ఉండవలెను.

కొన్ని భ్రమలు కూడ ఉన్నవి. ఒకే డిస్కును రెండుగా చీల్చినందువలన వేగము పెరుగునని కొందరు అనుకొందురు. వేగము కావలెనంటే నిజముగా రెండవ డిస్కు కావలెను. ఒకే డిస్కు మీద ఉన్న రెండు వాల్యూములు, ఆ డిస్కు చెడిపోయిననాడు రెండును కలిసియే పోవును. గోడ నిండుటను ఆపును గాని, ఇల్లు కూలుటను ఆపలేదు. ఇక పెన్‌డ్రైవు మీద బిల్డు చేయుట మంచిది కాదు. నడుమ ఎవరైనా ఊడబెరికితే పని పాడగును. పైగా దానిలో సాధారణముగా ఉండే ఫ్యాట్ 32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీలకు మించరాదు; కొన్ని బిల్డు సాధనములు కోరే లింకులు అందులో నిలువవు.

మా బంధువుల ఇంట పని ఒక మధ్యాహ్నములో ముగిసినది. కుమారుడు డిస్కులో 120 జీబీలు విడదీసి కొత్త వాల్యూము చేసి, బిల్డు ఫైళ్ళన్నీ అక్కడికే పోవునట్లు తన సాధనములలో దారి మార్చినాడు. దానికి ఏమి పేరు పెట్టమంటావని తండ్రిని అడిగినాడు. రెవెన్యూ శాఖలో పనిచేసిన ఆయన నవ్వి “ఎల్.డిస్. అని పెట్టు నాయనా” అన్నారు. అదే పెట్టినాడు. స్కాన్ బొమ్మల ఫోల్డరుకు తెలుగులోనే “తాతగారి కాగితాలు” అని పేరు వ్రాసినారు. బ్యాకప్ డిస్కులోని పాత బిల్డు నకళ్ళను తీసివేయగా సగానికి పైగా ఖాళీ అయినది. ఆ మూడు నెలల కాగితములకు ఆ రాత్రియే రెండవ ప్రతి తీసినారు. మూడవ ప్రతి ఒక చిన్న డిస్కులో తిరువళ్లూరులోని కుమార్తె ఇంటికి చేరినది. ఆమె తెలుగు చదువలేకపోయినను, ప్రతి పండుగకు పుట్టింటికి వచ్చునప్పుడు ఆ డిస్కును వెంట తెచ్చి కొత్తవి ఎక్కించుకొని పోతున్నది.