జేబు రివాల్వరు గురి

1950వ సంవత్సరమున అమెరికా దేశమందలి కొలరాడో స్ప్రింగ్స్ నగరములో పోలీసు అధిపతుల మహాసభ జరుగుచుండగా, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు అయిదు తూటాలు పట్టు చిన్న రివాల్వరు నొకదానిని వారి యెదుట నుంచి, తగిన పేరు మీరే పెట్టుడని కోరగా, ఆ సభవారు దానికి ‘చీఫ్స్ స్పెషల్’ అని నామకరణము చేసిరి. రెండంగుళముల గొట్టము, దాదాపు 540 గ్రాముల బరువు, కోటుజేబులో ఇమిడిపోవు ఆకారము దాని సుగుణములు. నాలుగు బారల దూరములో సైతము గురి తప్పునన్నది దాని జాతికంతకును వచ్చిన అపకీర్తి. ఆ అపకీర్తిలో యంత్రపు పాలెంత, చేతి పాలెంత యన్నదే ఇచట విచార్యము.

దాని వంశము పాతదే. శామ్యూల్ కోల్టు 1836లో అమెరికాలో పేటెంటు పొందిన రివాల్వరునుండి, స్ప్రింగ్‌ఫీల్డులో హోరేస్ స్మిత్, డానియల్ వెస్సన్ అనువారు 1857లో వెలువరించిన ఏడు తూటాల బుల్లి రివాల్వరు మీదుగా, కోల్టు కంపెనీవారి 1927 నాటి ‘డిటెక్టివ్ స్పెషల్’ వరకు, జేబు కోరిన కొలది గొట్టము పొట్టియై, పిడి కురుచయై, గురిచూచు ముక్కు అణగి వచ్చినది. జేబునకు అడ్డమని తీసివేసినవన్నియు కంటికిని చేతికిని ఆధారములైనవే యగుట ఈ కథలోని చిక్కు.

గొట్టమునే దోషిగా నెంచుట లోకసామాన్యమైన పొరపాటు. చిన్న రివాల్వరును కదలనీయని ఇనుప పట్టులో బిగించి కాల్చినచో, గుండ్లు ఒకదాని చెంత నొకటి చక్కగనే నాటుకొనును. పొట్టి గొట్టమువలన వేగము కొంత తగ్గునేగాని, లోపలి మెలికగాళ్లు గుండునకు తిప్పవలసిన తిప్పుడు తిప్పియే పంపును.

దోషము మొదట కంటికడ పుట్టును. వెనుకటి గాడిని, గొట్టపు కొననున్న ముక్కును, లక్ష్యమును ఒకే రేఖకు తెచ్చుటయే గదా గురిచూచుట! ఆ గాడికిని ముక్కునకును నడుమ 90 మిల్లీమీటర్లే యున్న తుపాకిలో ముక్కు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు తొలగెనా, ఏడు మీటర్ల యెడమున గుండు దాదాపు 78 మిల్లీమీటర్లు తప్పును. నడుమ 190 మిల్లీమీటర్లున్న పెద్ద రివాల్వరులో ఆ పొరపాటే సుమారు 37 మిల్లీమీటర్లతో పోవును. పైగా చీఫ్స్ స్పెషల్‌లో వెనుకటి గాడి యనునది చట్రముమీద తొలిచిన సన్నని కాలువ మాత్రమే.

అంతకు మించినది ట్రిగ్గరుకడ నున్నది. సుత్తిని ముందుగా ఎత్తిపెట్టక, వ్రేలితో ఒక్క లాగున కాల్చునప్పుడు, ఇట్టి రివాల్వరు ట్రిగ్గరుమీద పడవలసిన బలము సుమారు 12 పౌండ్లు, అనగా దాదాపు అయిదున్నర కిలోలు. అర కిలో చిల్లర తూగు వస్తువును చేతబట్టి, దానిని కదలనీయక, దాని బరువునకు పదిరెట్ల బలముతో దానిలోని యొక భాగమును వెనుకకు లాగవలెనన్నమాట! ఇది అసాధ్యమనుటకును వీలులేదు. బోర్డులు వ్రాసి జీవించిన ఎడ్ మెక్‌గివర్న్ అను మోంటానావాసి 1932 ఆగస్టు 20వ తేదీన, దక్షిణ డకోటాలోని లెడ్ అను ఊర, ఇట్టి లాగుడుతోనే 15 అడుగుల దూరమునుండి అయిదు గుండ్లను 0.45 సెకనులో కాల్చగా, ఆ రంధ్రములన్నియు వెండి అర్ధడాలరు క్రింద మరుగుపడినవి. ఆయన చేతిది జేబు రివాల్వరు కాదు, నిజమే; కాని లాగుడు బరువు గురికి విధిగా శత్రువు కాదని దానితో తేలినది.

మూడవది వెనుదన్ను. పది గ్రాముల గుండు సెకనుకు 230 మీటర్ల వేగముతో వెడలగా, తేలిక తుపాకి సెకనుకు నాలుగు మీటర్లకు పైబడిన వేగముతో అరచేతిని తన్నును. అయితే గుండు గొట్టమును విడుచుటకు పట్టు కాలము సెకనులో వెయ్యవ వంతు ప్రాంతము. మనిషి ఉలికిపాటు మేల్కొనుటకే అంతకు ఎన్నో రెట్ల కాలము కావలెను. కనుక తన్నిన తరువాతి ఉలికిపాటు వెడలిపోయిన గుండును చెరపజాలదు. తన్నునేమోయని ముందుగనే బిగుసుకొను చేయి చెరచును. దీనిని పట్టియిచ్చు ఉపాయము అతి సులభము: మిత్రుడొకడు నిండు తూటాల నడుమ ఒకటి రెండు ఖాళీ తూటాలను తెలియనీయక పేర్చియిచ్చును, ప్రేలని తూటాకడ తుపాకి ముక్కు క్రుంగినచో దొంగ దొరికినట్లే.

పిడివిషయమున సవరణలు ఎక్కువ ఫలించినవి. చిటికెనవ్రేలికి చోటులేని మూలపు పిడికి బదులు వెడల్పయిన కొయ్యపిడులు, పిదప రబ్బరుపిడులు వచ్చినవి. కంపెనీ శతవార్షికమునకు గుర్తుగా 1952లో వెలువడిన ‘సెంటెన్నియల్’లో సుత్తి లోపల దాగియుండుటచే, అరచేయి మరింత పైకి, గొట్టపు రేఖకు చేరువగా ప్రాకి పట్టుకొనగలదు, ఆ రేఖకును చేతికిని ఎడము తగ్గినకొలది ముక్కు పైకెగయుట తగ్గును. 1950ల చివర కాలిఫోర్నియా పోటీలలో జాక్ వీవర్ అను పోలీసు, ఒక చేయి ముందుకు నెట్టుచు రెండవది వెనుకకు లాగుచుండగా కాల్చి గెలిచిన తరువాత, ఒంటిచేతి కాల్పు క్రమముగా వెనుకబడినది.

నేటి లేజరు కిరణము గాడినీ ముక్కునూ కూర్చు శ్రమ తొలగించునేగాని, లాగునప్పటి వణకును తొలగింపదు. లాగుడు బరువులో చాలవంతు సుత్తిని నడపు స్ప్రింగుదే గనుక, దానిని సడలించి ట్రిగ్గరును మెత్తపరచు పనివారును కలరు; కాని తూటా అడుగునున్న మందును రగిలింపవలసిన దెబ్బయు ఆ స్ప్రింగునుండియే వచ్చును. అది చాలకపోయెనా, చక్కని గురికి వచ్చిన తుపాకి ఆపదవేళ ప్రేలదు. అందుచేత తయారుచేయువారు ఆ బరువులో అధికభాగమును తెలిసియే అట్లే యుంచుచున్నారు.